కదలనివ్వని పాలన

నూరేళ్ల వయసులో టొరంటో మారథాన్ పూర్తిచేసి లోకాన్ని నివ్వెరపరచిన ఫౌజా సింగ్ 2025 జూలై 14న మరణించారు. అప్పటికి ఆయన వయసు 114 ఏళ్లు. జనన ధ్రువపత్రం లేనందువల్ల రికార్డు పుస్తకాలు ఆ లెక్కను ఒప్పుకోలేదు. అది వేరే సంగతి. అన్నేళ్లూ ముసలితనం ఆయన్ని ఏమీ చేయలేకపోయింది. పంజాబ్‌లో జలంధర్ దగ్గర, సొంత ఊరు బియాస్ పిండ్‌లో రోడ్డు దాటుతుంటే ఒక వాహనం గుద్దేసి వెళ్లిపోయింది. దేశం ఒకరోజు నొచ్చుకుని ఊరుకుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారమే 2022లో మన రోడ్ల మీద ప్రాణాలు కోల్పోయిన పాదచారులు 32,825 మంది. అంటే రోజుకు దాదాపు తొంభై మంది. నాలుగడుగులు వేయాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాల్సిన దేశంలో ‘నడవండి, ఆరోగ్యంగా ఉండండి’ అన్న సర్కారీ ప్రకటన వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ 2024 జూన్‌లో ప్రచురించిన అధ్యయనాన్ని పాఠకులు చూసే ఉంటారు. తగినంత శారీరక శ్రమ లేని వయోజనులు మన దేశంలో 2000 సంవత్సరంలో నూటికి 22 మంది. 2022 నాటికి 49 మంది దాటారు. స్త్రీలలో 57 శాతం, పురుషుల్లో 42 శాతం. ప్రపంచ సగటు 31. ఇదే పోకడ సాగితే 2030కి మనం 60 శాతానికి చేరతామని ఆ అధ్యయనం అంచనా వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది ఏమంత గొప్ప సాధన కాదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ; కాస్త వేగంగా నడిచినా సరిపోతుంది. మనవాళ్లు పొలంలో, ఇంట్లో చేసే చాకిరీ లెక్కలోకి రాలేదేమోనని సర్దిచెప్పుకోవడానికీ వీల్లేదు. ఉద్యోగం, ఇంటిపని, రాకపోకలు, తీరిక వేళ ఆటలు అన్నీ కలిపి కొలిచిన లెక్క ఇది. ఈ లోపాన్ని 2030లోగా 15 శాతం మేర తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టింది. మనం సరిగ్గా దానికి ఎదురు దిక్కున నడుస్తున్నాం.

ఇలాంటి అంకెలు వెలువడినప్పుడల్లా దోషి ఎవరో క్షణాల్లో తేలిపోతుంది. జనం బద్ధకిస్తున్నారు, సెల్‌ఫోన్లకు అతుక్కుపోతున్నారు, గడప దాటితే బండి ఎక్కుతున్నారు అంటూ అమాత్యులు, వైద్యులు, ప్రవచనకర్తలు ఒకే గొంతుతో తీర్పిస్తారు. అందులో నిజం బొత్తిగా లేదని ఈ పత్రిక అనదు. కానీ ఇరవై రెండేళ్లలో సగం దేశానికి ఒక్కసారిగా ఒళ్లు బరువెక్కదు. పుట్టింది మొదలు పోయేదాకా మనిషి కదలడానికి కావలసిన చోటును, వేళను, భద్రతను దశలవారీగా ఎవరో ఒకరు లాక్కుంటూ వచ్చారు. లాక్కున్నవారికి అనుమతి పత్రాలు ఇచ్చిన కార్యాలయాలున్నాయి. అనుమతి లేకుండానే లాక్కుంటే కళ్లు మూసుకున్న అధికారులూ ఉన్నారు. మా అభియోగం వారి మీద.

ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పసివాళ్లు రోజులో మూడు గంటలపాటు కదులుతూ ఆడుతూ గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పట్టణాల్లో అనేక అంగన్‌వాడీలు అద్దె గదుల్లో నడుస్తున్నాయి. పిల్లలు చేతులు బార్లా చాపితే పక్కవాడికి తగిలే గదులవి. కాస్త కలిగినవారి అపార్టుమెంట్లలో సెల్లార్ కార్లకు, టెర్రస్ నీళ్ల ట్యాంకులకు పోగా, మిగిలిన జానెడు పచ్చిక మీద ‘ఇక్కడ ఆడరాదు’ అన్న బోర్డు ఉంటుంది.

అసలు నేరం బడిలో మొదలవుతుంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. పాఠశాల అనిపించుకోవాలంటే ఏమేం ఉండాలో దాని షెడ్యూలు చెబుతుంది: అన్ని రుతువులకూ తట్టుకునే భవనం, మంచినీళ్లు, మరుగుదొడ్లు, వాటితోపాటు ఆటస్థలం. వీలుంటే ఉండాలని చట్టం అనలేదు. ఆ ప్రమాణాలు పాటించని బడికి గుర్తింపే ఉండకూడదంది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, విశాఖ, వరంగల్, తిరుపతి, ఏ నగరంలోనైనా ఒక ప్రధాన రహదారి పట్టుకుని వెళ్లండి. కింద బట్టల దుకాణమో బ్యాంకో, పై నాలుగు అంతస్తుల్లో వెయ్యి మంది పిల్లలు. ఇనుప జాలీ బిగించిన వరండాయే వాళ్ల ఆరుబయలు. ఆ బడికి గుర్తింపు ఎలా వచ్చింది? సమీపంలోని మున్సిపల్ మైదానాన్నో, ఎవరిదో ఖాళీ జాగానో కాగితం మీద చూపించారు. తనిఖీకి వచ్చిన అధికారి సంతకం పెట్టారు. గడువు తీరినప్పుడల్లా ఆ సంతకం పునరుద్ధరణ అవుతూ ఉంటుంది. ఇది ఏ ఒక్క అధికారి చేతివాటమో అయితే శాఖాపరమైన విచారణతో పోయేది. ప్రభుత్వాలు మారినా, పార్టీలు మారినా, రాష్ట్రం రెండైనా మారనిది కనుక దీన్ని విధానమనే అనాలి.

న్యాయస్థానాల మాట వేరుగా ఉంది. హరియాణాలోని భగవాన్‌పూర్ గ్రామంలో ఆటస్థలానికి వదిలిన భూమిని ఆక్రమణల నుంచి విడిపించే కేసులో, మైదానం లేని పాఠశాల ఉండటానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2023 మార్చిలో తేల్చిచెప్పింది. మరుసటి ఏడాది కేరళ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రమాణాల మేరకు మైదానం చూపించలేని బడులను మూసివేయడానికైనా వెనుకాడవద్దంది. మన రెండు రాష్ట్రాల విద్యాశాఖల గోడలకు ఈ తీర్పులు వినపడినట్లు లేదు.

మైదానం ఉన్నచోట సంగతి చూద్దాం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలావాటికి ఇవాళ్టికీ విశాలమైన ఆవరణలున్నాయి. ఊరి పెద్దలు ఎప్పుడో దానమిచ్చిన ఎకరాలవి. అక్కడ కొరత మాస్టారిది. ఉన్న పీఈటీని ప్రార్థన వరుసలు సర్దడానికి, ఆలస్యంగా వచ్చినవారిని నిలబెట్టడానికి, మధ్యాహ్న భోజనం పర్యవేక్షణకు వాడుకుంటారు. పదో తరగతికి వచ్చేసరికి డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించేస్తారు. నూటికి నూరు ఉత్తీర్ణత కావాలని పైనుంచి ఒత్తిడి. తల్లిదండ్రుల్లోనూ అడిగేవారు లేరు. ఆడని ఆటకు గ్రేడు వేసి రికార్డు పూర్తిచేసే బడులకు కొదవలేదు. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటపాటు ఒంటికి శ్రమ ఉండాలి. 2016 నాటి లెక్కల్లో మన దేశంలో ఆ వయసువారిలో నూటికి 74 మందికి అది దక్కడం లేదని తేలింది. ప్రపంచమంతటా చూస్తే పరిస్థితి ఇంకా అధ్వానమని, 81 శాతమని ఊరట చెందే విజ్ఞులూ ఉన్నారు. ఇల్లు కాలుతున్నప్పుడు పొరుగింటి మంటలు కొలిచే తెలివి అది.

ఇక ఇంటర్మీడియట్. తెలుగువారు దేశానికి అందించిన ప్రత్యేక ఆవిష్కరణ మన రెసిడెన్షియల్ కార్పొరేట్ కళాశాల. తెల్లవారకముందే లేపి, స్టడీ అవర్‌తో మొదలుపెట్టి, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టే ఈ కేంద్రాల్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు రెండేళ్లు గడుపుతారు. ఎముక గట్టిపడేది, కండ పట్టేది, గుండె సత్తువ పెరిగేది ఆ ఈడులోనే. ముప్ఫై ఏళ్లు రాకముందే ఎముక సాంద్రత పతాక స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే తప్ప కొత్తగా కూడబెట్టేది స్వల్పం. అరవై ఐదేళ్ల వయసులో స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకునే మనిషి కథ కొంతమేర ఆ హాస్టల్ గదిలోనే మొదలవుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. విద్యార్థుల బలవన్మరణాలు జరిగినప్పుడల్లా కమిటీలు వేశారు. ఆటలకు వేళ కేటాయించాలన్న సిఫార్సు కొత్తదేమీ కాదు. ఇంటర్ బోర్డులు మందలింపు నోటీసులు ఇస్తాయి, జరిమానాలు వేస్తాయి. జూన్ రాగానే అవే ప్రాంగణాలకు అనుబంధ గుర్తింపు మళ్లీ దక్కుతుంది.

ఈ నేల మీద ఆటగత్తెలకు కరువు లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం గెలిచి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యారు. నిజామాబాద్ నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ బాక్సింగ్ విజేత. ఓరుగల్లు ప్రాంతపు కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పతకం రాగానే ముఖ్యమంత్రులు విమానాశ్రయానికి పుష్పగుచ్ఛాలు పంపిస్తారు, కోట్లు, ఇళ్ల స్థలాలు ప్రకటిస్తారు. ఆ సత్కారం సబబే. అదే నిజామాబాద్‌లో, అదే శ్రీకాకుళంలో పుష్పవతి అయిన మరునాటి నుంచి మైదానం మొహం చూడని వేలాది అమ్మాయిల కోసం ఏ శాఖ ఏ ఫైలు తెరిచింది? దుస్తులు మార్చుకునే గది, నీళ్లొచ్చే మరుగుదొడ్డి, నమ్మదగిన మహిళా పీఈటీ ఉంటే ఆడపిల్లలు ఆట మానరు. పతకానికి కోట్లు ప్రకటించే చేతికి ఇవి ఖర్చుగా కనిపిస్తున్నాయి.

కూర్చుని చేసే పని మనిషిని ఏం చేస్తుందో తెలిసి డెబ్బై ఏళ్లు దాటింది. లండన్‌లో రెండంతస్తుల బస్సుల మీద జెరెమీ మోరిస్ బృందం చేసిన పరిశోధన 1953లో లాన్సెట్‌లో వచ్చింది. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కన్నా సీటులో కూర్చునే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువగా వచ్చిందని అది నిరూపించింది. (మన ఆర్టీసీలు చాలా సర్వీసుల్లో కండక్టర్‌ను తీసేసి టికెట్ కొట్టే పని కూడా డ్రైవర్‌కే అప్పగించాయి.) హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఏఐజీ ఆస్పత్రి వైద్యులు కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు 2025లో వెల్లడైంది. పని వేళలు, రాకపోకల గంటలు, కార్యాలయాల చుట్టూ నడవడానికి వీల్లేని రహదారులు: వీటిలో ఏదీ ఆ ఉద్యోగి ఒక్కడు మార్చగలిగేది కాదు.

ఐటీ కారిడార్‌కు సర్కారు చేసిన వైద్యం చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు వెంట, సౌరఫలకాల కప్పు కింద, 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరులో ప్రారంభించారు. చూడముచ్చటైన నిర్మాణం. అక్కడికి చేరడానికి చాలామంది సైకిల్‌ను కారు వెనుక కట్టుకుని వెళ్లాలి. ఊరి నడిబొడ్డున పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికి, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్‌కు, భవన నిర్మాణ కూలీకి, అంటే నిజంగా సైకిల్ తొక్కే జనానికి ఒక గజం వరస కూడా ఎవరూ గీయలేదు. కదలికను వారాంతపు వినోదంగా చూసే పాలకుడికి బతుకుదెరువుగా కదిలేవాడు కనిపించడు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఖరారు చేసిన మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతంలో సైతం ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. మనకు దొరికేది ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, విరిగిన డ్రైనేజీ మూత, హోర్డింగ్ స్తంభం, దుకాణదారు మెట్లు, బైకుల వరుస. ఆక్రమణ అనగానే అధికారులు తోపుడుబండ్ల మీద పడతారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి చోటు చూపించమంది. ఆ బాధ్యత వదిలేసి బండి ఎత్తుకుపోవడం తేలిక కదా. బండి కన్నా ఎక్కువ జాగా తినేసిన కారు జోలికి మాత్రం వెళ్లరు. ఆటంకం లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న ప్రకటించి, రాష్ట్రాలు మార్గదర్శకాలు రూపొందించడానికి రెండు నెలల గడువు విధించింది. పక్కనున్న చెన్నై నగరపాలక సంస్థ కోర్టు చెప్పేదాకా ఆగలేదు. పాదచారులకు, సైకిళ్లకు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని 2014లోనే ఆమోదించింది. 2019 నాటికి పాండీబజారులో మనుషులు నడిచే వీధి వచ్చింది.

స్త్రీల విషయంలో అన్యాయం రెండింతలు. ఇంటిచాకిరీ ఉంది కదా, వేరే వ్యాయామం ఎందుకన్న మాటను పై లెక్కే కొట్టిపారేస్తోంది: ఆ చాకిరీ కలిపినా 57 శాతం మందికి చాలడం లేదు. ఉదయం ఆరింటికి పార్కు తెరిస్తే ఆ వేళకు ఇల్లాలు వంటింట్లో క్యారియర్లు సర్దుతూ ఉంటుంది. సాయంత్రం తీరిక దొరికేసరికి వీధిదీపం వెలగదు. చిన్న పట్టణాల్లో ఆడవాళ్లు గుంపులుగా బైపాస్ రోడ్డు అంచున నడుస్తారు. పక్కన లారీలు, వెనుక గొలుసు దొంగలు. కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో అధిక బరువు, స్థూలకాయం ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం, దేశ సగటు 24. దీన్ని తిండి మీదికి నెట్టేసి చేతులు దులుపుకోలేం.

వృద్ధులకు ‘కృష్ణా రామా’ అనుకుంటూ మూల కూర్చోమని మన సమాజమే ముందు తీర్పిస్తుంది. అరవై ఐదు దాటినవారు వారంలో మూడు రోజులు ఒంటి పట్టు తప్పకుండా నిలదొక్కుకునే కసరత్తులు, కండబలం పెంచేవి చేయాలని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అంటున్నాయి. డాక్టర్ చీటీ మీద ‘రోజూ నడవాలి’ అని రాస్తారు. ఎక్కడ నడవాలో రాయరు. ఓపెన్ జిమ్ పేరుతో పాతిన ఇనుప పరికరాలకు బిగించిన రోజు తప్ప మళ్లీ నూనె పెట్టినవారు లేరు.

చోటు ఇవ్వని ప్రభుత్వాలు ఉత్సవాలు మాత్రం దండిగా ఇస్తాయి. 2019 ఆగస్టు 29న ‘ఫిట్ ఇండియా’ మొదలైంది. 2022లో తెలంగాణ పల్లెపల్లెకూ క్రీడా ప్రాంగణం అంది; చాలాచోట్ల బోర్డు, రెండు ఇనుప స్తంభాలే మిగిలాయని పత్రికలు పలుమార్లు రాశాయి. 2023 డిసెంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఆడుదాం ఆంధ్రా’ అంది. 2025 జూన్ 21న ఇప్పటి ప్రభుత్వం ‘యోగాంధ్ర’ పేరిట ప్రధాని సమక్షంలో విశాఖ తీరాన దాదాపు మూడు లక్షల మందితో ఆసనాలు వేయించింది. రాజకీయంగా బద్ధవిరోధులైన పాలకులు ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం సాధించారు: కదలిక అంటే ఒకరోజు కార్యక్రమం, దానికో లోగో, ఒక టీషర్టు. మర్నాడు అదే మైదానం బహిరంగ సభకు, ఎగ్జిబిషన్‌కు, దీపావళి టపాసుల దుకాణాలకు అద్దెకు వెళుతుంది. షామియానాలు ఎత్తేశాక మిగిలే గుంతలు, మేకుల మధ్య పిల్లలు వికెట్లు పాతుకోవాలి. ఆ విశాఖలోనే బీచ్‌రోడ్డును రోజూ తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనాలకు మూసి నడిచేవారికి వదులుతున్నారు. దానికి పట్టే ఖర్చు కొన్ని బారికేడ్లు, కొందరు పోలీసులు. ప్రజలకు మేలు చేస్తున్నది ఏ ఆర్భాటమూ లేని ఈ పనే.

బాధ్యత ఎవరిదన్న సందేహానికి తావు లేదు. క్రీడలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని 33వ అంశం. పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలు పురపాలక సంస్థల విధి అని 12వ షెడ్యూలు చెబుతోంది. లేఔట్ వేసినప్పుడు పది శాతం ఖాళీ జాగాను స్థానిక సంస్థకు రాసివ్వాలి. ఆ జాగా తర్వాత గుడిగా, కమ్యూనిటీ హాలుగా, కార్పొరేటర్ బంధువు ప్లాటుగా ఎలా మారుతుందో పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ఆస్పత్రి కట్టడానికి కేటాయిస్తే, అంతటి సదుద్దేశం చూపించినా సుప్రీంకోర్టు 1991లో దాన్ని కొట్టేసింది. ఆక్రమణల తొలగింపునకు హైదరాబాద్‌లో 2024 జూలైలో ఏర్పాటైన హైడ్రా సంస్థ కొన్ని పార్కు స్థలాలను విడిపించింది. దాని తీరుపై విమర్శలు వేరు, ఆ మేరకు మంచిదే. అయితే ఆ స్థలాలు పోయిన రోజున అనుమతులపై సంతకాలు పెట్టినవారిలో శిక్ష పడినవారెందరు? కూల్చివేతకు బుల్‌డోజర్ ఉంది, సంతకానికి విచారణ లేదు. అందుకే తర్వాతి సంతకం నిర్భయంగా పడుతుంది.

ఈ లెక్క చివరికి ఖజానాకే వస్తుంది. దేశంలో మధుమేహ రోగులు 10.1 కోట్ల మందని, ఆ అంచున మరో 13.6 కోట్ల మంది ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. 2007 నుంచి ఆరోగ్యశ్రీ కింద గుండెకు స్టెంటు వేయిస్తున్నాం. పేదవాడి ప్రాణం నిలిపిన ఆ పథకాన్ని తప్పుపట్టేవారు లేరు. స్టెంటు దాకా రాకుండా ఆపే ఫుట్‌పాత్‌కు, ఆటస్థలానికి మాత్రం నిధుల్లేవంటున్నారు. రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యం మెరుగుదలను రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటిగా ఎంచమంది. రోగం వచ్చేదాకా వేచి చూడమనలేదు.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా రెండు విద్యాశాఖలూ గుర్తింపు ఇచ్చిన ప్రతి పాఠశాల, జూనియర్ కళాశాల ఆటస్థలం సర్వే నంబరు, విస్తీర్ణం, అది సొంతమో అద్దెదో, తనిఖీ చేసి సంతకం పెట్టిన అధికారి హోదాతో సహా జిల్లాలవారీగా బయటపెట్టాలి. చూపించలేని సంస్థకు ఒక్క ఏడాది గడువిచ్చి, ఆపైన కొత్త ప్రవేశాలు నిలిపివేయాలి. డ్రిల్లు పీరియడ్‌ను వేరే సబ్జెక్టుకు మళ్లించిన ప్రధానోపాధ్యాయుడిని డీఈఓ సంజాయిషీ అడగాలి. ఫుట్‌పాత్‌లపై సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఏ పట్టణంలో ఎన్ని కిలోమీటర్లు సిద్ధం చేశారో, లేఔట్ల ఖాళీ స్థలాల్లో ఎన్ని ఇంకా ఖాళీగా ఉన్నాయో పురపాలక మంత్రులు శాసనసభ ముందుంచాలి. వీటికి కొత్త చట్టం, కొత్త నిధి, కొత్త ప్రాధికార సంస్థ ఏదీ అక్కర్లేదు. ఫైళ్లు ఇప్పటికే ఆయా కార్యాలయాల బీరువాల్లో ఉన్నాయి.